అతుకు పడిన గొంతు

మా అక్క గొంతు వింటే ఊరు నిద్రపోతుంది. ఇది పొగడ్తో తిట్టో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, దుకాణాల షట్టర్లు సగం కిందికి దిగి, బస్సులు కూడా హారన్ కొట్టడానికి బద్ధకించే వేళలో మా రేడియోలో అక్క సైన్సు కార్యక్రమం వస్తుంది. మబ్బు ఎలా పుడుతుంది, చీమ దారి తప్పకుండా ఇల్లు ఎలా చేరుతుంది, ఎండ చొరబడని సముద్రం అడుగున చేపలు తమ దీపం తామే ఎలా వెలిగించుకుంటాయి, ఇలాంటివన్నీ పక్కింటి కబుర్లు చెప్పినంత తీరిగ్గా చెబుతుంది. వినేవాళ్లు మొదటి మాటకి దిండు సర్దుకుంటారు. సగానికి వచ్చేసరికి గుర్రు పెడుతుంటారు.

ఆ కార్యక్రమాన్నే తరువాత పాడ్‌కాస్ట్‌గా కూడా పెడతాం. ఒకసారి మా స్టేషన్ డైరెక్టరు కంప్యూటర్లో గీతలు చూసి, మొదలుపెట్టినవాళ్లు ఎవరూ మధ్యలో ఆపడం లేదని, అందరూ చివరిదాకా వింటున్నారని పొంగిపోయాడు. ఆపాలంటే మెలకువగా ఉండాలి కదండీ అన్నాను నేను. ఆ తరువాత చాలా రోజులు ఆయన నన్ను మీటింగులకు పిలవలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, నోటికి అదుపు లేదు. అందుకే నన్ను మైకు ముందు కూర్చోబెట్టకుండా ప్రొడ్యూసర్‌ని చేశారు. టైము చూడడం, ఫోన్లు ఎత్తడం, గొడవ పడవలసిన చోట గొడవ పడడం నా పని.

మాలో మూడో మనిషి టైలర్. అసలు ఉద్యోగం సౌండ్ ఎడిటింగ్. మాటల్లోని దగ్గుని, తడబాటుని కత్తిరించి మిగిలిన ముక్కల్ని కుట్టు కనబడకుండా కలుపుతాడు కాబట్టి స్టేషన్లో అందరికీ ఆయన టైలరే. పెద్దాయన, మితభాషి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంటే ఆయన పనిలో ఉన్నాడో నిద్రలో ఉన్నాడో చెప్పడం కష్టం.

స్టూడియో మేడ మీద చివరి గది. గోడలకి మందపాటి గుడ్డ, కాళ్ల కింద తివాచీ, నాకూ అక్కకీ మధ్య రెండు పొరల అద్దం. తలుపు నిట్టూర్చినట్టు మూసుకుంటుంది. ఆ తరువాత బయట వాన పడుతోందో, ఊరు ఉందో లేదో కూడా తెలియదు. అక్క చెప్పులు విప్పి, కాళ్లు కుర్చీలోకి మడుచుకుని, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు మైకు వైపు చూస్తూ మాట్లాడుతుంది. అద్దం ఇవతల నుంచి చూస్తుంటే నీళ్లలో మనిషిని చూస్తున్నట్టు ఉంటుంది. నా కళ్లు కూడా మూతలు పడతాయి.

కార్యక్రమం అయ్యాక ఫోన్లు వస్తాయి. ఎవరూ సైన్సు గురించి అడగరు, తమకొచ్చిన కలలు చెబుతారు. మబ్బుల గురించి చెప్పిన రోజు ఒక బస్సు కండక్టరు ఫోన్ చేసి, తానొక నీటి చుక్కనై ధూళి రేణువు కోసం ఆకాశమంతా వెతుక్కున్నట్టు కల వచ్చిందని చెప్పాడు. చుక్క కట్టడానికి ధూళి కావాలన్న మాట అక్క చెప్పింది చివర్లో. అప్పటికి ఆయన నిద్రపోయి చాలాసేపైంది. అంటే నిద్రలోనూ వింటున్నారన్నమాట అని నేను సంబరపడితే, ఒక్క కలతో ఏదీ రుజువు కాదే అని అక్క నా మీద నీళ్లు చల్లింది. కానీ ఆ సాయంత్రమంతా తనలో తనే నవ్వుకుంటూ తిరిగింది.

అలాంటి గొంతుకి జబ్బు చేసింది. మొదట బొంగురుపోయింది, తరువాత మాట మధ్యలో మాయమవడం మొదలుపెట్టింది. స్వరపేటిక మీద చిన్న గడ్డ ఉందని, ప్రాణానికి భయం లేదు గానీ ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ చెప్పింది. తరువాత పాత గొంతే వస్తుందని మాత్రం మాటివ్వలేనంది. ఇంకొక్క కార్యక్రమం రికార్డు చేసుకోమని, ఆ తరువాత ఆపరేషన్ అయి తాను చెప్పేవరకు పెదవి విప్పవద్దని, గుసగుసలు కూడా పనికిరావని గట్టిగా చెప్పింది. దారిలో అక్క ఆటో కిటికీలోంచి బయటికి చూస్తూ, నా వైపు తిరగకుండానే అడిగింది.

“గొంతు పోతే నేనేం మిగులుతానే?”

వెధవ ప్రశ్నలు వేయకు అని కసిరాను. లోపల నాకూ అదే భయం ఉంది.

ఆ చివరి కార్యక్రమానికి అక్క ఎంచుకున్నది గొంగళిపురుగు. తను చదువుకున్నది పురుగుల శాస్త్రమే, అయినా ఇన్నేళ్లలో దాని గురించి ఒక్కసారే చెప్పింది, అదీ ఉద్యోగంలో చేరిన కొత్తలో. ఇప్పుడు తెలిసినంతా చెబుతానని కూర్చుంది. గూడు దాకా బాగానే సాగింది. గూటి లోపలికి వెళ్లేసరికి గొంతు ఎండుటాకులా చిట్లింది. దగ్గు, నీళ్లు, మళ్లీ దగ్గు. ఆ ముక్క ఎలాగో ముగించి బయటికి వచ్చి టైలర్ భుజం తట్టి, మీదే భారం అన్నట్టు చెయ్యి ఊపింది.

ఏడాదిగా టైలర్ ఒక కొత్త పద్ధతి పట్టాడు. అక్క మాట చెడిన చోట, అదే మాట పాత కార్యక్రమాల్లో బాగా పలికింది వెతికి తెచ్చి అతుకు వేస్తాడు. ‘చీమ’ అన్న మాట బొంగురుపోతే ఆరేళ్ల కిందటి ‘చీమ’ వచ్చి కూర్చుంటుంది. అక్కకి తెలుసు. చిన్న చిన్న ముక్కలే కదా అని ఊరుకుంది.

గూటి కార్యక్రమం ప్రసారమైన మధ్యాహ్నం స్టేషన్ మొత్తం నిద్రపోయింది. డైరెక్టరు తన కుర్చీలో, టైలర్ తన హెడ్‌ఫోన్లలో, నేను ఫోను పక్కన తల వాల్చి. అక్క మాత్రం డాక్టరు దగ్గర ఉంది. తాను చెప్పినది తాను వినే అలవాటు దానికి ఎప్పుడూ లేదు.

లేచేసరికి ఫోన్లు. ఒక క్షౌరశాల ఆయన తన కుర్చీలోనే పాలలా కరిగిపోయానని, కత్తెర ఒక్కటే మిగిలిందని చెప్పి నవ్వాడు. ఒక లెక్కల టీచరు తరగతిలోకి అడుగుపెడితే పిల్లలు లేరట, బెంచీల మీద గిన్నెల్లో ఏదో ద్రవం ఉందట, హాజరు ఎలా వేయాలో తెలియక మెలకువ వచ్చేసిందట. నేను కడుపుబ్బ నవ్వాను. చివరి ఫోను గడియారాలు బాగుచేసే పెద్దమనిషిది. ఆయన నవ్వలేదు.

వాళ్ల ఆవిడకి మతిమరుపు జబ్బట. రోజురోజుకీ పెరుగుతోందట. తెలివిగా ఉన్న గంటల్లో తనకేం జరుగుతోందో ఆవిడకి తెలుస్తూనే ఉంటుందట. మధ్యాహ్నాలు ఇద్దరూ దుకాణం వెనక గదిలో కూర్చుని మా కార్యక్రమం వింటారు. ఊరంతా పడుకున్నా ఆవిడ పడుకోదు, అక్క మాట ఒక్కటీ పోనివ్వదు. నిన్న విన్నది ఇవాళ మరిచిపోయే మనిషి, కార్యక్రమం వేళకి మాత్రం తనే వచ్చి రేడియో పెడుతుందని ఆయన చెప్పాడు. గోడల మీది గడియారాలు వేటికవి కొట్టుకోవడం ఫోన్లో వినబడింది.

“లోపల అంతా కరిగిపోతుంది, పాతది ఏదీ మిగలదు అని చెప్పారు కదమ్మా అక్కగారు. అప్పట్నుంచీ ఏడుస్తోంది. నేనూ అంతేనా అని అడుగుతోంది. అది నిజమేనా? నిజమైతే నిజమని చెప్పండి, నేనేదో సర్దిచెప్పుకుంటాను.”

కనుక్కుని చెబుతానని పెట్టేశాను. నిద్ర రాకుండా నిలబడి కార్యక్రమం మొదటి నుంచి విన్నాను. గూటి దగ్గరికి వచ్చేసరికి అక్క గొంతు తేనెలా తేటపడింది. ‘గూటి లోపల గొంగళిపురుగు పూర్తిగా కరిగిపోతుంది. పాత ఒంట్లోది ఏదీ మిగలదు. అందులోంచి కొత్త ప్రాణి తయారవుతుంది.’ అది మొన్నటి గొంతు కాదు, పదేళ్ల కిందటి గొంతు.

కత్తెర పడని రికార్డింగు పెట్టించాను. దగ్గుల మధ్య, చిట్లిన గొంతుతో అక్క చెప్పింది వేరే. చాలావరకు కరుగుతుంది గానీ అంతా కాదు. నరాల్లో కొన్ని మార్పులతో నిలిచే ఉంటాయి. కొందరు శాస్త్రవేత్తలు గొంగళిపురుగులకు ఒక వాసన చూపిస్తూ చిన్న షాకు ఇచ్చి, ఆ వాసనంటే తప్పుకునేలా నేర్పారు. అవి గూడు కట్టి, రెక్కలు మొలిచి బయటికి వచ్చాక కూడా వాటిలో చాలా చిమ్మటలు, అంటే సీతాకోకచిలుకల్లాంటి ఆ రెక్కల పురుగులు, ఆ వాసన నుంచి తప్పుకున్నాయి. ఆ ముక్కంతా బొంగురుగా ఉందని టైలర్ మొత్తం ఎత్తేసి, ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్క చెప్పిన పాత ముక్కని అక్కడ కుట్టాడు. అప్పట్లో అక్కకి తెలిసింది అంతే.

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. టైలర్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

“నేను అర్థం వినను మేడమ్. ఊపిరి వింటాను. రెండూ గూటి గురించే కదా అనుకున్నాను.”

ఆయన్ని వెంటబెట్టుకుని బయలుదేరాను.

ఇద్దరం అక్క ఇంటికి వెళ్లాం. అక్క వంటగది బల్ల దగ్గర చిక్కుళ్లు ఒలుస్తోంది. ఎదురుగా పిల్లల పలక, సుద్దముక్క. మాట మానేసిన దగ్గర నుంచి అదే దాని నోరు. నేను చెప్పుకుపోతుంటే దాని చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. పలక తీసుకుని ‘నేనే చెప్పాలి’ అని రాసింది. చంపుతాను అన్నాను. టైలర్ మెల్లగా ఒక ఉపాయం చెప్పాడు. పాత కార్యక్రమాల్లో అక్క మాటలు కొల్లలుగా ఉన్నాయి, ఒక్కొక్కటే ఏరి, ఇప్పుడు చెప్పవలసిన నిజాన్ని ఆమె మంచి గొంతులోనే కుట్టి ఇస్తాడట. ఎవరూ పోల్చుకోలేరట.

అక్క తల అడ్డంగా ఊపింది. పలక తుడిచి రాసింది. ‘నేను అనని మాట నా గొంతులో మళ్లీ వద్దు.’ తరువాత సుద్దముక్క నా వైపు చూపించింది.

నా గొంతు సంగతి నాకు తెలుసు. రేకుల మీద రాళ్లు పడ్డట్టు ఉంటుంది. ఊరంతా లేచి కూర్చుంటుంది అన్నాను. అందుకే అన్నట్టు అక్క కళ్లతోనే నవ్వింది. నిద్రలో జొరబడిన తప్పుని మెలకువలోనే తీయాలట. ఇంకో మాట కూడా రాసింది. ‘పురుగు గురించే చెప్పు. మనుషుల సంగతి మనకి తెలియదు.’ అక్కడ నాకు ఒళ్లు మండింది. ఒక ముసలావిడ ఏడుస్తుంటే, మీకూ మిగులుతుందమ్మా అని ఒక్క మాట చెబితే మీ సైన్సుకి ఏం పోతుంది అని అరిచాను. అక్క పలక పక్కన పెట్టేసింది. చిక్కుళ్ల గిన్నె దగ్గరికి లాక్కుంది.

డైరెక్టరు, ఎవరూ వినని తప్పుకి దిద్దుబాటు ఎందుకన్నాడు. వినని వాళ్లందరికీ కలలు వచ్చాయని చెప్పి, ఆయన జవాబు కోసం ఆగకుండా మైకు ముందు కూర్చున్నాను. నిద్రపోతున్నవాళ్లు దయచేసి లేవండి అని మొదలుపెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, పురుగు గురించే చెప్పాను. స్టూడియో బయటికి వచ్చి మేడ మీద నుంచి చూస్తే వీధిలో కిటికీలు ఇంకా ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. ఆ రోజు ఫోన్లలో కలలు లేవు, అన్నీ తిట్లే. గడియారాల ఆయన మాత్రం, ఆవిడ విందని, ఊపిరి పీల్చుకుందని చెప్పి దండం పెట్టినంత పని చేశాడు.

మర్నాడు ఆయనే మళ్లీ ఫోన్ చేశాడు. ఆవిడ పొద్దున లేస్తూనే, ఏమీ మిగలదట కదా అని అడిగిందట. నేను చెప్పిన దిద్దుబాటు మొత్తం రాత్రికి రాత్రే జారిపోయింది. తప్పు మాత్రం అలాగే ఉంది. ఆ రోజు నుంచి నేను రోజూ మధ్యాహ్నం ఆవిడకి ఫోన్ చేశాను. రోజూ మొదటి నుంచి చెప్పాను. మర్యాదగా వినేది, మీరెవరమ్మా అనేది, మళ్లీ మర్నాడు అదే ఏడుపు. నా నోటి మాట దేనికీ పనికిరాదని అప్పుడు అర్థమైంది. ఆ మాట అక్క గొంతులో లోపలికి వెళ్లింది, ఆ గొంతుకే అది బయటికి వస్తుంది.

అక్క ఆపరేషన్ అయింది. ఆస్పత్రి గదిలో తెల్లటి పరదా, కిటికీ అవతల ఎవరో ఆరేసిన దుప్పట్లు, వాటి మీద గాలి. అక్క రోజుల తరబడి దుప్పట్లనే చూస్తూ పడుకునేది. నేను పక్కన కూర్చుని అది మాట్లాడుతున్నట్టు కలలు కనేదాన్ని. ఇంటికి వచ్చాక, డాక్టరమ్మ ఇక మాట్లాడవచ్చు అన్న పొద్దున, నేను వంటగదిలో ఉండగా ముందు గదిలోంచి ఎవరో నన్ను పిలిచారు. ఎవరో మగమనిషి వచ్చాడనుకుని చెయ్యి తుడుచుకుంటూ వెళ్లాను. అక్క ఒక్కతే నిలబడి ఉంది. నేను దాని వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాను. ఆ చూపు అక్క చూసింది. ఆ ఒక్క చూపుకి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

గొంతు మొద్దుగా, అడుగున ఇసుక ఉన్నట్టు గరగరగా వచ్చింది. పాతది ఎక్కడా లేదు. ఇక రేడియోకి రానని చెప్పింది. అది నేను ముందే అనుకున్నాను. కానీ గడియారాల ఆవిడకి ఫోన్ చేయమని అడిగితే కూడా వెనకాడింది. ఈ గొంతు ఆవిడకి ఎవరిది, నీది ఎంతో నాదీ అంతే కదా అంది. నిజమే. అయినా పోరు పెట్టాను. ఇల్లంతా గోల చేశాను. చివరికి నా గోల భరించలేక వచ్చింది.

స్టూడియోలోనే కూర్చోబెట్టాం, అక్కడ ఫోను బాగా వినబడుతుందని. అక్క చెప్పులు విప్పలేదు. అతిథిలా కుర్చీ అంచున కూర్చుంది. అద్దం ఇవతల నేను, టైలర్. గడియారాల ఆయన ఫోను ఆవిడ చేతికి ఇవ్వడం, కుర్చీ జరగడం వినబడింది. వెనకాల గడియారాలు ఎడతెగకుండా కొట్టుకుంటున్నాయి. ఆవిడ ఎవరు అని అడిగింది.

అక్క తానెవరో చెప్పలేదు. నేరుగా గూటి గురించి మొదలుపెట్టింది. గొంగళిపురుగు ఒకనాడు తినడం మానేస్తుందని, ఎక్కడో ఒక కొమ్మ చూసుకుంటుందని, చుట్టూ గూడు అల్లుకుంటుందని. గరగరమనే ఆ గొంతు ఒక్కో మాటకీ ఆగుతోంది. టైలర్ కళ్లు మూసుకున్నాడు. నేను కూడా మూసుకున్నాను. మధ్యాహ్నపు మగతేమో, మాటలు ఎక్కడో దూరం నుంచి, నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు అనిపించింది. ఇంతలో ఆవిడ అడ్డం వచ్చింది.

“నువ్వా తల్లీ? ఇన్నాళ్లూ ఏమైపోయావు? గొంతు ఏమైంది?”

సొంత చెల్లెలినై ఉండీ నేను గుర్తుపట్టలేదు. అద్దం అవతల అక్క మైకుని గట్టిగా పట్టుకుంది.

“పోయిందమ్మా. ఆపరేషన్ చేశారు. అయినా ఎలా గుర్తుపట్టారు?”

“ఏమో. తెలిసిపోయిందంతే. గూటి సంగతి చెప్పు.”

అక్క చెప్పింది. పదేళ్ల కిందట తాను చెప్పింది తప్పని, అది మళ్లీ పొరపాటున బయటికి వచ్చిందని, లోపల చాలా కరుగుతుంది గానీ అంతా కాదని, రెక్కలు వచ్చాక కూడా చాలా చిమ్మటలు పాత వాసనని మరిచిపోలేదని. ఆవిడ ఊ కొడుతూ విన్నది. అంతా అయ్యాక, ఒక్కో మాటా వెతుక్కుంటూ అడిగింది.

“మరి నాలో?”

అక్క ఏం చెబుతుందో నాకు తెలుసు. మనుషుల సంగతి మనకి తెలియదంటుంది. అడ్డుపడదామని, నా మాట అద్దం అవతలికి వినిపించే బటన్ మీద వేలు పెట్టాను. అక్క కుర్చీలో వెనక్కి జరిగి, ఆ కొత్త గొంతుతో, పాత తీరికతో చెప్పింది.

“ఇప్పుడే చూశాను కదమ్మా. మిగిలింది.”